జిల్లా ఆసుపత్రికి మనం ఏ విధంగా తోడ్పడగలం? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో చాలా వాటి సారం ఒక్కటే. తమ ఊరికి దగ్గరలోని ఏరియా ఆసుపత్రికో, జిల్లా ఆసుపత్రికో, బోధనాసుపత్రికో సాయపడాలని ఉందనీ, ఆ సాయం రోగికీ సిబ్బందికీ పనికివచ్చేలా ఉండాలంటే ఏం చేయాలో తోచడం లేదనీ పాఠకులు రాశారు. కొన్ని ఉత్తరాలను ఎంచుకొని, రాసినవారి పేర్లు తీసివేసి, జవాబులతో ప్రచురిస్తున్నాం.

ప్రశ్న: మేము కొందరం విశ్రాంత ఉద్యోగులం. ప్రతి సంవత్సరం మా సంఘం వార్షికోత్సవం నాడు పట్టణంలోని ఏరియా ఆసుపత్రిలో రోగులకు అరటిపళ్లు, రొట్టెలు పంచుతుంటాం. ఈసారి హెడ్ నర్సు గారు మమ్మల్ని వార్డు తలుపు దగ్గరే ఆపి, పళ్లు బల్ల మీద పెట్టి వెళ్లమన్నారు, ఫోటోలు తీయనివ్వలేదు. మాలో కొందరికి మనసు కష్టమైంది. ఆమె చేసినది సబబేనా? మరి మేము ఏం ఇస్తే బాగుంటుంది?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం జిల్లా

జవాబు: సబబే నండి. మీ మనసు నొచ్చుకున్నదంటే అర్థం చేసుకోగలం గానీ, ఆ నర్సు గారి స్థానంలో ఉండి చూస్తే ఆమెకు మరో దారి లేదు. వార్డులో ఒక మంచం మీద మూత్రపిండాలు దెబ్బతిని డయాలసిస్ చేయించుకుంటున్న రోగి ఉంటారు. అరటిపండులో, బత్తాయిలో, కొబ్బరినీళ్లలో ఉండే పొటాషియం అతని రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. పక్క మంచం మీద మరునాటి ఉదయం ఆపరేషన్ ఉన్న మనిషి ఉంటారు. ఆయన కడుపు ఖాళీగా ఉండాలి. ఆ పక్కన మధుమేహ రోగి. ఎవరికి ఏది పెట్టవచ్చో కేస్ షీట్ చూసినవారికే తెలుస్తుంది కాబట్టి, పళ్లు బల్ల మీద పెట్టించుకోవడమే ఆమె చేయగలిగిన మర్యాద. ఫోటోల సంగతికి వస్తే, సెలైన్ ఎక్కుతూ పడుకున్న మనిషి చేతిలో పండు పెట్టి కెమెరా వైపు చూడమంటే వద్దని చెప్పే స్థితిలో అతను ఉండడు. మరునాడు జిల్లా అనుబంధంలో ఆ ఫోటో వస్తే, తాను ఏ వార్డులో ఎందుకు ఉన్నాడో ఊరంతటికీ తెలిసిపోతుంది. ఈ అలవాటును మన నాయకుల పుట్టినరోజులు పెంచి పోషించాయి. మీవంటి పెద్దలు మానితే మిగతావారూ ఆలోచిస్తారు.

పౌష్టికాహారమే ఇవ్వాలని మీ సంకల్పమైతే దానికి సరైన మార్గం ఒకటి ఉంది. 2022 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన క్షయ నిర్మూలన కార్యక్రమంలో ‘నిక్షయ్ మిత్ర’ అనే ఏర్పాటు ఉంది. వ్యక్తులుగానీ సంఘాలుగానీ, చికిత్స పొందుతున్న క్షయ రోగులను వారి సమ్మతితో దత్తత తీసుకొని, కనీసం ఆరు నెలలపాటు నెలనెలా పప్పు, నూనె, గింజలు వంటి ఆహార సామగ్రి అందించవచ్చు. క్షయ మందులు నెలల తరబడి వాడాలి, ఆకలితో ఉన్న శరీరం వాటిని తట్టుకోలేదు. అందుకే ప్రభుత్వం కూడా రోగి ఖాతాలో నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేసింది. మీ ఒక్కరోజు ఖర్చును పన్నెండు నెలలకు పంచితే ఒకరిద్దరు రోగులకైనా ఆసరా అవుతుంది. జిల్లా క్షయ నియంత్రణ అధికారి కార్యాలయంలో వివరాలు చెబుతారు.

ఆసుపత్రి ఆవరణలోనే ఏదైనా చేయాలనుకుంటే మాత్రం, రోగి కంటే ముందు రోగి వెంట వచ్చిన మనిషిని చూడండి. ఇన్‌పేషెంటుకు ఆసుపత్రి భోజనం వస్తుంది. వెంట వచ్చిన తల్లికో తమ్ముడికో అది రాదు. కూలి పని మానుకొని, చేతిలో బస్సు చార్జీలకు మించి లేకుండా వచ్చి, వరండాలో వార్తాపత్రిక పరుచుకొని పడుకునేది వారే. హైదరాబాదులోని 18 ప్రధాన ప్రభుత్వ ఆసుపత్రుల్లో సహాయకులకు 5 రూపాయల భోజనం 2022 మే నెలలో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టులో తిరిగి తెరిచిన అన్న క్యాంటీన్లలోనూ అదే ధరకు భోజనం దొరుకుతుంది. అయితే క్యాంటీన్ ఆసుపత్రికి దూరంగా ఉన్న చోట, ప్రసూతి వార్డు బయట కూర్చున్న ముసలమ్మ అంతదూరం నడిచి వెళ్లి రాలేదు, వెళితే ఈలోగా లోపలి నుంచి పిలుపు వస్తుందేమోనని భయం. అటువంటి చోట రాత్రి పూట వేడి అన్నం తెచ్చి పెట్టడం, చలికాలంలో దుప్పట్లు అద్దె లేకుండా ఇచ్చి పొద్దున తిరిగి తీసుకోవడం, కాన్పు వార్డు దగ్గర వేడినీళ్ల ఏర్పాటు, ఫోన్ చార్జింగ్ పెట్టుకోవడానికి ఒక బల్ల, ఇవన్నీ చూడటానికి చిన్నవి. వరండాలో ఉన్నవారికి ఆ రాత్రి గడవడానికి కావలసినవి మాత్రం ఇవే.

ఏది చేసినా ముందుగా సూపరింటెండెంటు గారినో, ఆర్.ఎం.ఓ. (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) గారినో కలిసి, ‘మీకు ఇప్పుడు దేనికి కొరత ఉంది?’ అని అడగండి. వారు చెప్పేది మీరు ఊహించినదై ఉండకపోవచ్చు. ఒక దాత పేరు చెక్కిన వీల్‌చైర్లు నాలుగు ఉండి, నాలుగింటికీ టైర్లు అరిగి మూలన పడి ఉంటే, ఆ ఆసుపత్రికి కావలసింది అయిదో వీల్‌చైర్ కాదు, ఉన్నవాటికి మరమ్మతు. యంత్రాలు ఇచ్చేవారు తప్పనిసరిగా మూడు విషయాలు అడిగి తెలుసుకోవాలి: దాన్ని నడిపే టెక్నీషియన్ ఉన్నారా, వార్షిక నిర్వహణ ఒప్పందం సొమ్ము ఎవరు కడతారు, అందులో వాడే కిట్లు, రసాయనాలు ఎక్కడి నుంచి వస్తాయి. వీటికి జవాబు లేకుండా ఇచ్చిన యంత్రం స్టోర్ రూములోనే ఉండిపోతుంది. డబ్బు రూపంలో ఇవ్వదలిస్తే ఆసుపత్రి అభివృద్ధి సంఘం ఖాతాకు చెక్కు ద్వారా ఇచ్చి రసీదు తీసుకోండి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పటి నుంచి ‘రోగి కల్యాణ్ సమితి’ అనే పేరుతోనో, స్థానికంగా వేరే పేరుతోనో ఇటువంటి సంఘాలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉన్నాయి. ఎవరి చేతికీ నగదు ఇవ్వకండి. అది వారినీ ఇబ్బందిలో పెడుతుంది.

ప్రశ్న: నా భార్య ఒక జిల్లా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. రాత్రి డ్యూటీలో నలభై మందికి పైగా ఉన్న వార్డును ఇద్దరే చూసుకుంటారు. ఇటీవల ఒక రోగి బంధువులు ఆమె మీద కేకలు వేసి, చేతిలోని ట్రే విసిరికొట్టారు. అప్పటి నుంచి డ్యూటీకి వెళ్లే ముందు ఆమెకు చేతులు వణుకుతున్నాయి. ఇంట్లో మేము, బయట ప్రజలు ఏం చేయగలం?
— రాయలసీమ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మొదట ఆమె గురించి చెప్పాలి. దాడి తర్వాత చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఆ దృశ్యం పదేపదే గుర్తుకు రావడం పిరికితనం కాదు. వారాలు గడిచినా తగ్గకపోతే వైద్య సలహా అవసరమైన స్థితి. ‘టెలిమానస్’ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అది రోగుల కోసమేనని ఆసుపత్రి సిబ్బంది అనుకుంటారు గానీ, వారికి కూడా ఉద్దేశించినదే. కొంతకాలం రాత్రి డ్యూటీ నుంచి మినహాయింపు కోరుతూ నర్సింగ్ సూపరింటెండెంటుకు లిఖితపూర్వకంగా దరఖాస్తు పెట్టమనండి.

ఇక లెక్క చూడండి. భారత నర్సింగ్ మండలి ప్రమాణం ప్రకారం సాధారణ వార్డులో బోధనాసుపత్రి అయితే ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రి అయితే అయిదుగురికి ఒకరు ఉండాలి. మీ భార్య వార్డులో ఒక్కొక్కరు ఇరవై మందిని చూస్తున్నారు. ఆ ఇరవై మందికి మందులు, ఇంజెక్షన్లు, సెలైన్లు చూస్తూ, రిజిస్టర్లు నింపుతూ, ఆన్‌లైన్ నమోదులు చేస్తూ, మన రాష్ట్రాల్లో రాత్రి డ్యూటీ సాధారణంగా సాయంత్రం ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది వరకు కాబట్టి పన్నెండు గంటలు నిలబడాలి. పోస్టు భర్తీ చేయనిది ఆమె కాదు, స్కానింగ్ యంత్రం చెడిపోయింది ఆమె వల్ల కాదు, డాక్టరు గారు ఆపరేషన్ థియేటర్‌లో ఉండటం ఆమె నిర్ణయం కాదు. కానీ బంధువుల కోపానికి ఎదురుగా కనిపించే మనిషి ఆమె ఒక్కరే.

చట్టం ఆమె పక్షాన ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వచ్చిన చట్టం వైద్యులతోపాటు నర్సులను, పారామెడికల్ సిబ్బందిని, విద్యార్థులను కూడా కాపాడుతుంది. దాడి చేసినవారికి మూడేళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. 2024 ఆగస్టులో కోల్‌కతా బోధనాసుపత్రిలో ఒక యువ వైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగిన తర్వాత, సిబ్బందిపై దాడి జరిగితే ఆరు గంటలలోగా ఎఫ్.ఐ.ఆర్. నమోదయ్యేలా చూసే బాధ్యత సంస్థ అధిపతిదేనని కేంద్ర ఆరోగ్య శాఖ ఆదేశం ఇచ్చింది. అంటే, బాధితురాలైన నర్సు ఒంటరిగా పోలీసు స్టేషన్ మెట్లు ఎక్కనవసరం లేదు. ‘పోనీలే, పెద్దది చేయకు’ అని సర్దిచెప్పేవారు ఆసుపత్రి లోపలే ఉంటారు. ఆ మాట వినవద్దని మా సలహా.

అయినా చట్టం పని చేసేది దెబ్బ పడిన తర్వాతే. దెబ్బ పడకుండా ఆపేది సమాచారం. వార్డులో గొడవలు చాలావరకు చికిత్స బాగా లేదని కాక, ఏం జరుగుతోందో ఎవరూ చెప్పలేదని మొదలవుతాయి. కాబట్టి పాఠకులందరికీ ఒక విన్నపం. మీవారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఇంటి తరఫున మాట్లాడేందుకు ఒక్కరినే నిర్ణయించుకోండి. ఉదయం రౌండ్స్ సమయంలో ఆ ఒక్కరు మంచం దగ్గర ఉండి, ముందే కాగితం మీద రాసుకున్న ప్రశ్నలను డాక్టరు గారిని అడగాలి. వచ్చిన ప్రతి బంధువూ నర్సును విడివిడిగా అడిగితే ఆమె రాత్రిలో సగం జవాబులకే పోతుంది. మందు ఇవ్వడం ఆలస్యమయ్యేది మీ రోగికే. మేలు చేసిన నర్సు గురించి, ఆయా గురించి, వార్డు పేరు, తేదీ రాసి సూపరింటెండెంటుకు ఒక ఉత్తరం పెట్టండి. ఫిర్యాదు పెట్టెలో ఫిర్యాదులు మాత్రమే వేయాలన్న నియమం ఎక్కడా లేదు.

దాతలకు కూడా ఒక మాట. సిబ్బంది విశ్రాంతి గది గురించి ఎవరూ అడగరు. గడియ పనిచేసే తలుపు, లోపల మరుగుదొడ్డి, రాత్రి పూట కారిడార్‌లో దీపం, తాగునీరు — ఎన్నో వార్డుల్లో రాత్రి డ్యూటీ నర్సులకు ఇవి లేవు. పారిశుద్ధ్య కార్మికులది మరీ అన్యాయం. వారు ఎక్కువగా ఏజెన్సీ ద్వారా వచ్చినవారు, జీతం నెలల తరబడి ఆగినా అడిగే దిక్కు ఉండదు. వాడిన సూది తెల్లని గట్టి డబ్బాలో పడకుండా మామూలు చెత్తలో పడితే గుచ్చుకునేది వారి చేతికి. మంచం పక్కన రాలిన సూదినో బ్లేడునో మీరు చూస్తే తీయకండి, నర్సుకు చెప్పండి.

ఇంట్లో మీరు చేయగలిగింది పైన చెప్పినదానికంటే సులభం, అందుకే మరచిపోతారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన పగలు ఆమెకు రాత్రి. ఆ పూట వంట, పిల్లల బడి, చుట్టాల రాకపోకలు మీవి.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా కళాశాల ఎన్.ఎస్.ఎస్. బృందం ప్రభుత్వ ఆసుపత్రిలో స్వచ్ఛందంగా పనిచేయాలనుకుంటోంది. వైద్యం తెలియని మేము ఏం చేయగలం?
— విద్యార్థిని, వరంగల్

జవాబు: వైద్యం తెలియకపోవడం ఇక్కడ అడ్డంకి కాదమ్మా. పెద్దాసుపత్రికి మొదటిసారి వచ్చిన పల్లెటూరి మనిషికి అన్నిటికంటే కష్టమైనది జబ్బు కాదు, దారి. ఓపీ చీటీ ఎక్కడ ఇస్తారు, రక్తపరీక్ష గది ఏ అంతస్తులో ఉంది, రిపోర్టు ఎప్పుడు వస్తుంది, ఆరోగ్యశ్రీ కౌంటరు ఎటువైపు, ఏ కాగితాలు కావాలి — ఇవి తెలియక ఒక పూట పోతుంది, ఓపీ వేళ దాటిపోతే మరునాడు మళ్లీ రావాలి. ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో ‘ఆభా’ (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య గుర్తింపు) సంఖ్యతో, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఓపీ టోకెన్ తీసుకునే పద్ధతి ఉంది. స్మార్ట్‌ఫోన్ లేని వృద్ధులు ఆ కౌంటరు ముందు నిలబడిపోతారు. వారి పక్కన మీరు నిలబడితే చాలు. చదవడం రానివారికి మందుల చీటీ చూసి ఏది పొద్దున, ఏది రాత్రి అన్నది ఫార్మసిస్టు చెప్పినట్లే మళ్లీ చెప్పి, కవరు మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసి ఇవ్వవచ్చు.

కొన్ని హద్దులు కచ్చితంగా పాటించాలి. కట్లు కట్టడం, సెలైన్ సరిచేయడం, మందు గురించి సొంత సలహా ఇవ్వడం మీ పని కాదు. ఎవరికి ఏ జబ్బో బయట చెప్పకూడదు, వార్డులో రీల్స్ తీయకూడదు. మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తి చేసుకోండి. మొదటి డోసు తర్వాత నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. మీకు జలుబో జ్వరమో ఉన్న రోజు వెళ్లకండి.

అన్నిటికంటే ముఖ్యం, ప్రతి వారం ఒకే రోజు, ఒకే వేళకు వెళ్లడం. ముప్పై మంది ఒకరోజు వచ్చి ఫ్లెక్సీ కట్టి వెళ్లిపోతే సిబ్బందికి అదనపు పని. ఇద్దరు ప్రతి మంగళవారం ఉదయం ఓపీ వేళకు వస్తారని తెలిస్తే, ఆ ఇద్దరిని నమ్ముకొని వారు ఏర్పాటు చేసుకోగలుగుతారు. మీ బృందంలో కోయ భాషో, గోండో, లంబాడీయో వచ్చినవారుంటే వారిని ముందుగా పంపండి. భద్రాచలం, ఉట్నూరు వైపు గాని, ఆంధ్రలో పాడేరు, సీతంపేట వైపు గాని ఆసుపత్రికి వచ్చే ఆదివాసీ తల్లులకు తెలుగు అంతంతమాత్రంగా వస్తుంది. ‘నొప్పి ఎప్పటి నుంచి?’ అన్న ఒక్క ప్రశ్నకు సరైన జవాబు రాబట్టడానికి ఆ భాష తెలిసిన మనిషి కావాలి. ఆ అవసరం గురించి ఎంత రాసినా తక్కువే. సాలూరు, గుమ్మలక్ష్మీపురంలో కాన్పుకు ముందే కొండల నుంచి వచ్చి ఉండేందుకు గర్భిణుల వసతి గృహాలు పెట్టినప్పుడు, తమ మాట తెలిసినవారి మధ్య ఉండగలగడం ఆ స్త్రీలకు కొంత ధైర్యం ఇచ్చింది.

ప్రశ్న: మా యువజన సంఘం ఏటా ఒక పెద్ద రక్తదాన శిబిరం పెడుతుంది. ఈసారి బ్లడ్ బ్యాంకు వారు అంత మంది ఒకేసారి వద్దన్నారు. కారణం ఏమిటి?
— నల్లగొండ

జవాబు: రక్తం నిల్వ ఉండే కాలం తక్కువ. ఎర్ర రక్తకణాలు 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లు అయిదు రోజులు మాత్రమే ఉంటాయి. ఒకేరోజు వందల యూనిట్లు వస్తే కొంత వృథా అవుతుంది, తర్వాత రెండు నెలలకు కొరత వస్తుంది. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి ఉన్న పిల్లలకు రెండు మూడు వారాలకొకసారి రక్తం కావాలి, వారికి శిబిరాల తేదీలతో పని లేదు. మీ సభ్యులను బృందాలుగా విడదీసి, నెలకొక బృందం చొప్పున బ్లడ్ బ్యాంకు చెప్పిన రోజున పంపండి. ముఖ్యంగా కళాశాలలకు సెలవులుండే ఏప్రిల్, మే నెలలను వదలకండి. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి. డబ్బు తీసుకొని రక్తం ఇవ్వడం సుప్రీంకోర్టు తీర్పు మేరకు 1998 జనవరి నుంచి దేశమంతటా నిషిద్ధం.

ప్రశ్న: మా నాన్నగారిని స్ట్రెచర్ మీద వార్డుకు తీసుకువెళ్లినందుకు ఒకరు డబ్బు అడిగారు. ఇవ్వకపోతే సరిగా చూడరేమోనని ఇచ్చాను. ఇది కూడా ‘సిబ్బందికి సాయం’ కిందికే వస్తుందా?
— పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: రాదు. మీ భయం సహజమే గానీ, మీరు ఇచ్చిన డబ్బు మీ వెనక వచ్చే నిరుపేదకు ధర నిర్ణయించింది. అక్కడికక్కడే ఆర్.ఎం.ఓ. గారికి చెప్పడం ఉత్తమం. ఫలితం లేకపోతే సోమవారం నాడు కలెక్టరేటులో జరిగే ప్రజావాణిలోగాని, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదికలోగాని వేళ, చోటు రాసి అర్జీ ఇవ్వండి. తెలంగాణలో ఏసీబీకి (అవినీతి నిరోధక శాఖకు) 1064 నంబరు ఉంది. 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే, అయితే బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజులలోగా అధికారులకు తెలియజేస్తే వారికి రక్షణ ఉంటుంది. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి: ఒకరు అడిగారని వార్డులోని అందరినీ లంచగొండులనడం న్యాయం కాదు, ఆ మాట పడేది ఏమీ అడగని ఆయమ్మే.

ప్రశ్న: ప్రభుత్వ ఆసుపత్రిలో చనిపోయిన మా పొరుగింటాయనను సొంత ఊరికి తీసుకువెళ్లడానికి ప్రైవేటు అంబులెన్సు వారు వేలల్లో అడిగారు. వేరే మార్గం ఉందా?
— ఖమ్మం జిల్లా

జవాబు: ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో మరణించినవారి దేహాన్ని ఇంటికి ఉచితంగా చేర్చేందుకు తెలంగాణలో పార్థివ వాహనాలు, ఆంధ్రప్రదేశ్‌లో మహాప్రస్థానం వాహనాలు ఉన్నాయి. డ్యూటీ డాక్టరునో, మార్చురీ సిబ్బందినో, ఆర్.ఎం.ఓ. కార్యాలయాన్నో అడగాలి. వాహనాలు తక్కువ కాబట్టి కొంతసేపు వేచి ఉండవలసి రావచ్చు. ఆ వ్యవధిలోనే బేరం ఆడేవారు చుట్టుముడతారు. మీ ప్రాంతంలోని సేవాసంఘం ఏదైనా, ఈ సేవ ఉందని, ఎవరిని అడగాలో పెద్ద అక్షరాలతో రాయించి, అనుమతి తీసుకొని మార్చురీ దగ్గర, క్యాజువాలిటీ దగ్గర బోర్డు పెడితే తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు జరుగుతుంది.

ప్రశ్న: మేము అమెరికాలో స్థిరపడిన పూర్వ వైద్య విద్యార్థులం. చదువుకున్న ఊరి ఆసుపత్రికి విరాళం ఇవ్వాలనుకుంటున్నాం. ఏవైనా జాగ్రత్తలు చెప్పగలరా?
— డల్లాస్ నుంచి

జవాబు: గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిని ఒకసారి చూడండి. ఉత్తర అమెరికాలోని గుంటూరు వైద్య కళాశాల పూర్వ విద్యార్థుల సంఘం, అంటే మనవారు ‘జింకానా’ అని పిలిచేది, అక్కడ పొదిల ప్రసాద్ సూపర్ స్పెషాలిటీ, ట్రామా కేంద్రం నిర్మాణంలో పాలుపంచుకుంది. తల్లీబిడ్డల భవనానికీ ముందుకు వచ్చింది. అదే ఆవరణలో క్యాన్సర్ కేంద్రాన్ని నాట్కో ట్రస్టు నిర్మించి ఇచ్చింది. అటువంటి పనుల్లో గమనించవలసింది భవనం ఎత్తు కాదు. దానికి కావలసిన వైద్యులు, నర్సుల పోస్టులను ప్రభుత్వం మంజూరు చేసేలా ముందే ఒప్పందం రాసుకున్నారా అన్నది. గోడలు దాతలు కట్టగలరు. ఇరవై ఏళ్లపాటు జీతాలు ఇవ్వగలిగేది ప్రభుత్వమే.

డబ్బు పంపే విషయంలో, మీలో భారత పౌరసత్వం ఉన్నవారి విరాళాలకు, అమెరికా పౌరసత్వం తీసుకున్నవారి విరాళాలకు తేడా ఉంది. రెండో రకం విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఇక్కడ స్వీకరించే స్వచ్ఛంద సంస్థకు ఎఫ్.సి.ఆర్.ఏ. (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు ఉండాలి, 2020 సవరణ ప్రకారం ఆ సొమ్ము ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. ఈ సంగతి చూసుకోకుండా పంపితే సొమ్ము ఆగిపోవడమే కాక, మంచి ఉద్దేశంతో తీసుకున్న స్థానిక సంస్థ చిక్కుల్లో పడుతుంది. భవనం కట్టేంత మొత్తం లేకపోతే చింతించకండి. మీలోని నిపుణులు నెలకొక సాయంత్రం వీడియో ద్వారా ఇక్కడి పీజీ విద్యార్థులతో కష్టమైన కేసులను చర్చించడానికి డబ్బు అక్కరలేదు, కళాశాల ప్రిన్సిపాల్ అనుమతి, మీ నెలసరి తేదీ ఉంటే సరిపోతుంది.